నత్రజని డబ్బా, నల్ల బిళ్ల

కోదాడలో ద్రవ నత్రజని కావాలంటే పశువుల దవాఖానకు పోవాలి. ఆంబోతు వీర్యం నింపిన సన్నగొట్టాలు అందులోనే మునిగి ఉంటాయి. ఏడాదికోసారి, ఊళ్లు తిరిగి పశువులకు ఆ వీర్యం ఎక్కించే గోపాలమిత్ర దగ్గర ఫ్లాస్కెడు పోయించుకుని, మూత వదులుగా పెట్టి (బిగిస్తే పేలుతుంది) బండి మీద క్లాసుకు తెచ్చేవాణ్ని. అందులో వేయడానికి నా దగ్గర ఒక నల్ల బిళ్ల ఉంది.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ నా పని ఆ బిళ్లలు కాల్చడమే. అవి అతివాహకాలు: బాగా చల్లబడితే కరెంటుకు నిరోధమే ఉండదు. 1911లో పాదరసంలో అలా నిరోధం మాయమైంది 4.2 కెల్విన్ దగ్గర. అంత చలికి హీలియం కావాలి, దాని ఖరీదు మనవల్ల కాదు. 1987లో అమెరికాలో వూ, చూ బృందాలు ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడుతో 93 కెల్విన్‌కు చేరాయి. నత్రజని మరిగేది 77 దగ్గర. ఇక పశువుల డబ్బాయే చాలు.

పాళ్లు 1, 2, 3. కల్వంలో నూరి, 930 డిగ్రీల కొలిమిలో పెట్టాలి. ఎక్కడైనా ఆకుపచ్చ కనపడితే చెడినట్టే. నా మొదటి బిళ్ల నల్లగా నిగనిగలాడింది. కానీ మీటరు సున్నాకు రాలేదు. రెండే తీగలతో కొలిచాను మరి. తీగ అతుకుల నిరోధం కూడా లెక్కలో పడింది. నాలుగు తీగలు పెట్టాను: కరెంటుకు రెండు, వోల్టేజీకి రెండు. అయినా రాలేదు. ఈసారి తప్పు నా తొందరది. బిళ్లను వేడివేడిగా బయటికి లాగేశాను. ఆక్సిజన్ ఊదుతూ, 450 దగ్గర గంటల తరబడి నిలిపి, నెమ్మదిగా చల్లార్చాలి.

ఆ ఆక్సిజన్ ఎందుకు? విజయవాడ బస్సు కిక్కిరిసి ఉంటే నడవాలో ఎవరూ కదల్లేరు. కోదాడలో నలుగురు దిగితేనే వెనకవాళ్లు జరుగుతారు. రాగి-ఆక్సిజన్ పొరల్లో ఎలక్ట్రాన్లు అట్లాగే ఇరుక్కుని ఉంటాయి. అదనంగా చేరిన ఆక్సిజన్ కొన్నింటిని లాక్కుంటుంది. మిగిలిన ఖాళీలే కదులుతూ ఛార్జిని మోస్తాయి. చలి పెరిగి 92 కెల్విన్ దాటి కిందికి దిగగానే ఆ ఖాళీలు జతకట్టి, అన్నీ ఒకే అడుగు వేస్తాయి. అప్పుడు మీటరు సున్నా. పాత లోహాల్లో జత కుదిర్చేది స్ఫటిక కంపనాలని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ తేల్చారు. ఈ బిళ్లలో ఎవరు కుదురుస్తున్నారన్నది ఇంకా తెగని పంచాయితీ.

ఒకసారి గోపాలమిత్ర కూడా క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. బిళ్ల మీద అయస్కాంతం తేలుతుంటే నోరు తెరిచాడు.

"మా ఊరి కరెంటు లైనుకు ఇదే వేయొచ్చు కద సారూ?"

"ఇది కుండపెంకు లాంటిది, వంచితే విరుగుతుంది. లోహపు పట్టీ మీద పూతగా వేస్తే తీగవుతుంది. కానీ లైను పొడవునా నత్రజని పారుతూనే ఉండాలి."

"అయితే లైన్‌మన్ కూడా నా డబ్బా మోయాల్సిందే" అన్నాడు.