మా తమలపాకు తీగకు ఇల్లు వెతికిన వైనం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండు ముచ్చట్లూ తీరిన తరువాత మాకు మూడవ ముచ్చట ఒకటి పుట్టింది. అది పెరట్లో మొక్కలకొక ఇల్లు కట్టాలని. కట్టి మేము పడిన పాట్లూ, దరిమిలా ఊళ్ళు తిరిగి నేర్చుకొన్న సంగతులూ మన కుటుంబాల వారికి ఉపకరిస్తాయేమోనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా వాళ్ళు బెంగుళూరులో స్థిరపడి మూడు తరాలైంది. తాతగారు గుంటూరు సీమనుండి వెంట తెచ్చుకొన్న వాటిలో నేటికి మిగిలినవి రెండే. ఒకటి ఇత్తడి గంగాళం, రెండవది తమలపాకు తీగ. ఆనాటి తీగే కాదనుకోండి. కణుపు కణుపుగా త్రుంచి నాటుతూ, ఇల్లు మారినప్పుడల్లా కుండీలో వెంట తీసుకుపోతూ మా పెద్దత్తయ్య దాని వంశం నిలుపుతూ వచ్చింది. ఇంట్లో ఏ శుభకార్యమైనా తాంబూలంలో మొదటి ఆకు ఆ తీగదే. ఎనభై దాటిన అత్తయ్యకు ఇప్పుడు పెరట్లోకి నడిచే ఓపిక లేదు. "ఇక మీరే చూసుకోవాలర్రా" అని దానిని మాకు అప్పగించింది.

ఆ జనవరిలో లాల్‌బాగ్ పుష్ప ప్రదర్శనకు వెళ్ళాము. 1760లో హైదరాలీ వేయించిన ఆ తోట నేడు 240 ఎకరాలు. దాని నడుమ ఉన్న గాజుమేడకు 1889 నవంబరు 30న విక్టోరియా రాణి మనుమడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. 1851లో లండనులో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ దానికి ఒరవడి. ఎండ ఆ గాజుల మీద మెరుస్తూ ఉంటే మా మనస్సు చలించింది. మన తీగకూ ఇటువంటి ఇల్లుండాలని ఇంటికి వస్తూనే పని మొదలుపెట్టించాము. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు; ఇనుప చట్రం; నాలుగు ప్రక్కలా గాజు, పైన గాజు, ఒక తలుపు. చూడవచ్చిన వారందరూ మెచ్చుకొన్నారు. మేమూ పొంగిపోయాము.

ఏప్రిల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం తలుపు తీస్తే లోపలినుంచి పొయ్యి సెగ వంటిది ముఖానికి కొట్టింది. ధర్మామీటరు పెట్టి చూశాము. బయట 34 డిగ్రీలు, లోపల 47! రోజుకు రెండుసార్లు నీళ్ళు పోసినా తీగ వాడి, ఆకులు అంచులనుండి నల్లబడి, పదిరోజులలో కాడలు కూడా ఎండిపోయాయి. ఇరుగుపొరుగుకు ఇద్దామని ఎప్పుడో త్రుంచి, బట్టలుతికే రాయి దగ్గర గోడనీడన పాత డబ్బాలో గుచ్చిన ఒక్క కణుపు మాత్రం పచ్చగా నిలిచింది.

అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలియక రెండురోజులు ముఖం చాటుచేశాము. చివరకు చెబితే కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఒరే, తీగకు మేడ కట్టారు సరే, గాలి పెట్టారా?" అని అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. ఆ సాయంత్రమే మళ్ళీ లాల్‌బాగ్‌కు వెళ్ళాము.

ఈసారి జనం లేరు. గాజుమేడ క్రింద నిలబడి చూస్తే, జనవరిలో పూల సందడిలో కంటబడని సంగతి కంటబడింది. పైన గాజు ఉన్నది గాని క్రింద ప్రక్కలు మూయలేదు! ఇనుప స్తంభాల నడుమనుంచి గాలి ఇటునుంచి అటు హాయిగా పోతున్నది. మేము కప్పు చూసి మురిసి, గోడలు లేవని గమనించనే లేదు.

గాజుటింటి కిటుకు చాలా చిన్నది. ఎండ గాజులోనుంచి లోనికి వస్తుంది. నేలా కుండీలూ వేడెక్కి గాలిని వేడిచేస్తాయి. ఆ వేడిగాలికి బయటికి దారి లేదు. చలిదేశాల వారికి కావలసినది ఆ వేడే గనుక వారికది వరం. మనకు ఏడాదిలో చాలాభాగం కావలసినది నీడా, తడిగాలీని.

మరి మన ప్రక్కన గాజుటిళ్ళు పనికిరానే రావా? మే నెలలో పిల్లలతో ఊటీ వెళ్ళినప్పుడు దానికీ సమాధానం దొరికింది. 1848లో మెక్‌ఐవర్ అనే దొర చేతిలో రూపుదిద్దుకొన్న అక్కడి బొటానికల్ తోటలో, గాజుటిళ్ళలో బిగోనియాలు, ఫెర్నులు కళకళలాడుతున్నాయి. ఊటీ సముద్రమట్టానికి ఏడువేల అడుగులకు పైన ఉన్నది. డిసెంబరు, జనవరి రాత్రులలో అక్కడ మంచు పేరుకొని, తెల్లవారేసరికి పచ్చిక మీద ఉప్పు చల్లినట్లుంటుందనీ, ఆ మంచుకు లేతమొక్కలు మాడిపోతాయనీ తోటపనివాడు చెప్పాడు. అక్కడ గాజు కప్పు విలాసం కాదు, అవసరం.

జూన్‌లో పెళ్ళికని బరంపురం వెళ్ళాము. మా ముచ్చట విని అక్కడి బంధువులు నవ్వి, "తమలపాకు తీగకు ఇల్లు చూడాలంటే బరజా చూడండి" అని ఒక పల్లెకు తీసుకువెళ్ళారు. ఒడిశా తీరంలో తమలపాకు పెంచే పందిరింటిని బరజా అంటారు. వెదురు గుంజలు, పైన పలుచగా పరచిన ఆకుకప్పు, చుట్టూ తడికెలు. చెప్పులు బయట విడిచి, తలవంచి లోనికి వెళ్ళాము. బయట కళ్ళు చెదిరే ఎండ. లోపల జల్లెడ పట్టినట్లు వెలుగు, చల్లని తడిమట్టి వాసన, వరుసలు వరుసలుగా తీగలు. గాలి తడికెల సందులలోనుంచి మెల్లగా వస్తున్నది. తుపాను వస్తే ఏం చేస్తారని అడిగాము. "పడిపోతుంది బాబూ, మళ్ళీ వెదురు కొని నిలబెడతాము" అన్నాడు రైతు, నిబ్బరంగా.

తిరుగు రైలులో అత్తయ్య చెప్పిన పాతమాట గుర్తుకు వచ్చింది. గుంటూరు సీమలో ముందు అవిశ చెట్లు పెంచి, వాటి నీడన, వాటికే తీగలు ప్రాకిస్తారట. అక్కడ చెట్టే గుంజ, చెట్టే కప్పు. మనవారు ఎప్పుడో కనిపెట్టిన దానిని మేము లండను మీదుగా వెతుక్కొన్నాము!

కనుక పెరట్లో మొక్కల ఇల్లు తలపెట్టేవారికి మా మనవి. ముందు మీ ఊరినీ, మీ మొక్కనూ అడగండి. నీలగిరుల వంటి చలిచోట నివసించేవారు గాజు గాని, ఎండకు తట్టుకొనే రకం 200 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్టా గాని కప్పుకోవచ్చు. అయితే నేల వైశాల్యంలో అయిదవ వంతైనా కిటికీలుండాలి, కొన్ని కప్పు దగ్గరే ఉండాలి. వేడిగాలి పైకి పోతుంది గదా. బెంగుళూరు, పూనా వంటి చోట్ల కూరనారుకు జడివాన తగలకూడదనుకొంటే, గొట్టాలు వంచి పైన మాత్రం పట్టా వేసి ప్రక్కలు వలతో వదిలితే చాలును. స్థలం తక్కువైన వారు తూర్పుగోడకు ఆనించి ఒంటివాలు కప్పు దింపుకోవచ్చు. ఉదయపుటెండ దక్కుతుంది, పడమటెండ గోడ ఆపుతుంది. యానాం, చెన్నపట్నం, బరంపురం వంటి తీరపు ఊళ్ళలో గాజు మాట తలపెట్టవద్దు. సగం ఎండను ఆపే 50 శాతం ఆకుపచ్చ వల, తుపాను హెచ్చరిక వినగానే విప్పి చుట్టిపెట్టేందుకు వీలుగా కట్టుకోవాలి. ఆకుకూరలకూ, పూలమొక్కలకూ ఎండ ఎక్కువ కావాలి గనుక 35 శాతం వల మేలు. తమలపాకుకు, ఫెర్నులకు, ఆర్కిడ్లకు 50 శాతమో ఆపైదో కావాలి.

మేము గాజులన్నీ విప్పి అమ్మివేశాము. వచ్చిన సొమ్ము పెట్టినదానిలో మూడవ వంతు కూడా కాలేదు. ఇనుప చట్రం మీద 50 శాతం వల పరచి, ప్రక్కలకు వెదురు తడికెలు కట్టి, తొలకరి వానలకు ఆ ఒక్క కణుపును తెచ్చి నాటాము. నెలరోజులు ఉలకలేదు. శ్రావణంలో చిగురు కనిపించింది. దసరా నాటికి తీగ భుజమెత్తు ఎగబ్రాకింది.

విజయదశమినాడు మొదటి ఆకు కోసి అత్తయ్య చేతిలో పెట్టాము. ఆమె దానిని వేళ్ళతో తడిమి, వాసన చూసి, "మనదే" అంది. తరువాత ఈనె తీసి, సున్నం రాసి నోట వేసుకొని, "కారం కాస్త తగ్గింది, అడుగున పశువుల ఎరువు వెయ్యండి" అంది.

మరునాడే వేశాము.