స్టాక్, రీచ్ చూసి కొనండి

"అన్నా, ఈ టార్మాక్ సైకిల్ ఎక్కితే నడుం నొప్పే రాలేదు. కానీ అంత డబ్బు నా వల్ల కాదు."

పొద్దున రైడ్ అయ్యాక టీ తాగుతూ మా గ్రూపు కుర్రాడు అన్నాడు.
అప్పట్నుంచీ అదే ఆలోచన.

వాడి ఒంటికి పడింది ఆ ఫ్రేమ్ కొలతలే కదా!
టార్మాక్ ఎస్‌ఎల్7, 54 సైజు: స్టాక్ 544 మి.మీ., రీచ్ 384. అంటే పెడళ్ల ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచు ఎంత ఎత్తులో ఉంది, ఎంత ముందుకుంది అని.
ఈ రెండూ దగ్గరగా ఉన్న చవక కార్బన్ ఫ్రేమ్ దొరికితే కూర్చునే తీరు దాదాపు అదే.

సైజు అంకెను మాత్రం నమ్మొద్దు. ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీలో 52 కావచ్చు.

ఇంకో మెలిక.
స్టాక్ తక్కువైతే స్పేసర్లు వేసి హ్యాండిల్ లేపొచ్చు. కానీ హెడ్ ట్యూబ్ వెనక్కి వాలి ఉంటుంది, 73 డిగ్రీలనుకోండి. 10 మి.మీ. లేపితే రీచ్ 3 మి.మీ. తగ్గుతుంది. అది లెక్కేసుకునే పోల్చాలి.
స్టాక్ మరీ ఎక్కువైన ఫ్రేమ్‌ను కిందకి దించడం కష్టం. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

మీరు నడిపే కార్బన్ ఫ్రేమ్ పేరు, స్టాక్, రీచ్ కామెంట్లో పెట్టండి. వాడికి చూపిస్తాను.