చింతపండు తగలని రాగి నాణెం

తమక, కోలారు జిల్లా

ప్రియమైన మీకు,

కిందటి ఉత్తరంలో చెప్పిన కరూరు నాణెం సంగతి తేలింది. ముందు మీకే చెప్పాలని కూర్చున్నాను.

మా చిన్నాన్న ఎప్పుడో అక్కడ కొన్న నాణెం అది. మా అత్తయ్య చూడగానే, "చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా" అన్నారు. గబుక్కున చేయి పట్టుకుని ఆపాను. అక్షరాల అంచులు నిలిచి ఉండేది రాగి మీద పట్టిన ఆకుపచ్చ పొరలోనే. పులుపు తగిలితే పొరతోపాటు అవీ పోతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్లో నాలుగు రోజులు నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో మట్టి మాత్రం తీశాను.

అడ్డంగా 13 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. కంసాలి త్రాసులో గ్రాముకు కాస్త పైన తూగింది. రాత్రి దీపాలార్పి, టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుతురు వేశాను. అప్పుడు లేచింది చూడండి బొమ్మ! కుడివైపు చూస్తున్న ముఖం, తలకు ముత్యాల పట్టీ. వెనకవైపు రెక్కల విజయదేవత, భుజాన జయచిహ్నం, రెండో చేత్తో ఈడ్చుకుపోతున్న బందీ. చుట్టూ ఉండే లాటిన్ మాటలకు 'రాజ్యక్షేమం' అని అర్థం. గోరంత కూడా లేని ఆ బందీ మీదే నా చూపు చాలాసేపు ఆగిపోయింది.

ఈ బొమ్మ నలుగురైదుగురు రోము చక్రవర్తులు వేయించిందే. ముఖం ఉన్న వైపు 'మా ప్రభువు' అనే మొదటి అక్షరాలు అందరికీ ఒకటే, పేరు చివరి అక్షరాలూ అంతే. మధ్యలో సి, ఎ, డి మిగిలాయి. ఆ మూడూ వరసగా వచ్చేది ఆర్కాడియస్ పేరులోనే. ఆయన పాలన 383 నుంచి 408 దాకా. మన కోలారులో గంగరాజులు కుదురుకుంటున్న కాలం కూడా దాదాపు అదే.

"రోము నాణేలంటే వెండివి కదా?" అంటారు మీరు. నిజమే, 1891లో యశ్వంతపురంలో దొరికినవి వెండివే. కానీ అవి మూడు వందల ఏళ్ళ ముందువి. ఈ చిన్న రాగివి కరూరు, మదురై వైపు ఎక్కువ. ఆర్. కృష్ణమూర్తిగారు 1994లో వీటి మీదే ఒక పుస్తకం వేశారు. ఇక్కడివాళ్ళు వీటిని చూసి చేసుకున్న నకళ్ళూ ఉన్నాయి. వాటిలో అక్షరాలు వట్టి గీతలైపోతాయి. నా దాంట్లో మిగిలిన అక్షరాలు పొందిగ్గా ఉన్నాయి, అదే నా సంతోషం.

బందీ కాళ్ళ కింద టంకశాల గుర్తుండాలి. అచ్చు పక్కకు జరిగి, అది అంచు దాటిపోయింది. మీ అమ్మమ్మగారి పెట్టెలో ఇలాంటిది ఉందన్నారు కదా, తోమకండి. పక్కవెలుతురులో రెండువైపులా ఫొటో తీసి పంపండి. తూకం రాయడం మరచిపోకండి.

మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
మీ తమక నేస్తం