ఆరు పూటల అన్నం



ఏడాదిపాటు మా అమ్మ కడుపునొప్పికి మా వాడలో ఉన్న పేరు ‘గ్యాస్’. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్ళ వేసుకుని మిరపకోతకు పోయేది. నాలుగు ముద్దలకే కడుపు నిండిందని గిన్నె పక్కన పెట్టేది. కూలి పోతుందని టౌనుకు రాలేదు. నల్లగా విరేచనమై చేలో కళ్ళు తిరిగి పడ్డాకే ఎండోస్కోపీ చేయించాం. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది.

‘మీవాళ్ళు ఏం తింటారు?’ అన్నాడు మొదట చూసిన డాక్టరు. ఆ ‘మీవాళ్ళు’ ఎవరో నాకు అర్థమైంది. తర్వాత చదివాను. ఈ జబ్బుకు పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఇరుకిళ్ళలో, మంచినీళ్ళు సరిగా లేని చోట అది చిన్నప్పుడే ఎక్కువగా అంటుకుంటుంది. మా వాడను అట్లా ఉంచింది ఎవరో ఆయన అడగలేదు.

1881లో వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ క్యాన్సర్ పట్టిన జీర్ణాశయ భాగాన్ని తొలిసారి విజయవంతంగా తీశాడు. ఆమె ఆపరేషన్‌ను తట్టుకుంది గానీ, జబ్బు తిరగబెట్టి నాలుగు నెలలకే పోయింది. మా సర్జనమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది: గడ్డ ఒక్కటే తీస్తే చాలదు, చుట్టూ మంచి అంచు, దగ్గరి లింఫు గ్రంథులు కూడా తీయాలి. ముందూ వెనకా కీమో ఇవ్వాలి. పైపొరలోనే దొరికితే కొందరికి ఎండోస్కోపీతోనే తీసేయొచ్చు. కాలేయానికి పాకితే మామూలుగా ఆపరేషన్ నయం చేయలేదు. అమ్మది ఆ రెండిటి మధ్య.

ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది. రక్తం మా హాస్టల్ తమ్ముళ్ళు ఇచ్చారు. జీర్ణాశయం మొత్తం తీసి, అన్నవాహికను చిన్నపేగుకు కలిపారు. బతికినంతకాలం బీ12 సూది. రోజుకు ఆరుసార్లు, కొంచెం కొంచెం తినాలి.

మరుసటేడు అమ్మ మళ్ళీ కోతకు పోయింది. కూలీలకు అన్నానికి ఇచ్చేది ఒక్క విరామం. గట్టు మీద రెండోసారి గిన్నె తెరిస్తే, ‘తినడానికొచ్చావా, కోయడానికొచ్చావా?’ అన్నాడు మేస్త్రి. అమ్మ గిన్నె మూసేసింది. ఆ మాట నాకు ఆర్నెల్ల తర్వాత చెప్పింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ ఎంత తింటుందో చూడండి. బరువు తగ్గుతున్నా, కొంచానికే కడుపు నిండుతున్నా, నల్లగా విరేచనమవుతున్నా ‘గ్యాస్’ అంటే నమ్మొద్దు. ఎండోస్కోపీ అడగండి. కూలి పోతుందంటుంది. ఆ రోజు కూలి మీరు చేతిలో పెట్టి తీసుకుపోండి.

జై భీమ్.