ఎదురుచూపుల కొండ: జెరూసలేం నుంచి ఉత్తరాలు

జెరూసలేం, 2023 మే

నాన్నగారికి,

ఈ ఉదయం ఆలయ కొండ మీదికి వెళ్లొచ్చాను. ముస్లింలు కానివాళ్లకు ఒక్కటే దారి. పశ్చిమ గోడ పక్కనుంచి మొఘ్రాబీ ద్వారానికి ఎక్కే చెక్క వంతెన. శుక్ర, శనివారాలు మూసేస్తారు, మిగతా రోజుల్లోనూ కొద్ది గంటలే తెరుస్తారు. దారి మొదట్లో యూదుల ప్రధాన రబ్బీల బోర్డు ఉంది. ఈ చోటు అతి పవిత్రం కాబట్టి ధర్మశాస్త్రం ప్రకారం ఎవరూ లోపల అడుగు పెట్టకూడదని. నేను చదువుతుండగానే కొందరు యూదులు పోలీసుల కాపలాతో దాన్ని దాటి పైకి నడిచారు.

పైన సుమారు 35 ఎకరాల ఆవరణ. చెట్ల నీడలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. నడుమ ఖలీఫా అబ్దుల్ మాలిక్ ఏడో శతాబ్దంలో కట్టించిన బంగారు గుమ్మటం, దక్షిణాన అల్-అఖ్సా మసీదు. ముస్లింలకు మక్కా, మదీనాల తర్వాతి పుణ్యక్షేత్రం ఇదే. యూదులకు క్రీ.శ. 70లో రోమన్లు కూల్చేసిన ఆలయం నిలిచిన చోటూ ఇదే. 1920లలో ఇక్కడి మరమ్మతులకు మన హైదరాబాద్ నిజాం కూడా విరాళం పంపాడు.

ఎండ బాగా ఉంది. అమ్మకి చెప్పండి, టోపీ పెట్టుకునే తిరుగుతున్నాను.

*

నాన్నగారూ,

అన్నేళ్లు ఊరుకున్న యూదులు ఇప్పుడు ఆలయం కోసం ఎందుకు కదిలారని ఫోన్‌లో అడిగారు కదా. వాళ్లు ఊరుకోలేదు, ఎదురుచూశారు. రక్షకుడైన మెస్సయ్య వస్తాడు, ఆలయం మళ్లీ లేస్తుంది, ఆ ఘడియను మనిషి తొందరపెట్టకూడదు. తరతరాలుగా ఎక్కువమంది రబ్బీలు నేర్పింది ఇదే. తొందరపడి దెబ్బతిన్న అనుభవం వాళ్లకుంది. 132లో రోమన్ల మీద తిరగబడ్డ బార్ కోఖ్బాని మహాపండితుడు రబ్బీ అకీవా అంతటివాడే మెస్సయ్య అన్నాడు. నాలుగేళ్లు తిరక్కుండా యూదయ శ్మశానమైంది. 1665లో ఇజ్మీర్‌వాడైన సబ్బతై జ్వీని మెస్సయ్యగా నమ్మి ఎందరో ఆస్తులు అమ్ముకుని ప్రయాణానికి సిద్ధమయ్యారు. మరుసటేడు అతను సుల్తాను ఎదుట ఇస్లాం స్వీకరించాడు. ఆ దెబ్బకు రబ్బీలు మెస్సయ్య మాటెత్తే వాళ్లందరినీ అనుమానంగా చూడటం మొదలుపెట్టారు.

1967 జూన్ యుద్ధంలో కొండ ఇజ్రాయెల్ చేతికొచ్చింది. గుమ్మటం మీద సైనికులు ఎగరేసిన జెండాను రక్షణ మంత్రి మోషే దయాన్ వెంటనే దింపించాడు. ఆవరణ నిర్వహణ ముస్లిం వక్ఫ్‌కే వదిలాడు. యూదులు వచ్చి చూడొచ్చు, ప్రార్థన మాత్రం చేయకూడదు. అది తెలివైన పనని నా నమ్మకం. కానీ రబ్బీ జ్వీ యెహూదా కూక్ శిష్యుల కంటికి ఆ గెలుపు విమోచనకు మొదటి మెట్టు. కొండెక్కడానికి కూక్ స్వయంగా ఒప్పుకోలేదు. అయినా ఆయన బోధనతో పెరిగిన ఉద్యమంలోంచే, గుమ్మటాన్ని పేల్చేయాలని పథకం వేసిన రహస్య ముఠా కూడా పుట్టింది. 1984లో అది బయటపడి అరెస్టులు జరిగాయి. ఆ పేలుడే జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఈ రాత్రి నిద్రపట్టడం లేదు.

*

నాన్నగారికి,

యూదుల పేటలో ఆలయ సంస్థ ప్రదర్శనశాల చూశాను. ఆ సంస్థను 1987లో రబ్బీ ఇస్రాయెల్ అరియేల్ స్థాపించాడు. యాజకుల వస్త్రాలు, వెండి పాత్రలు, అన్నీ రేపే వాడబోతున్నట్టు తయారుచేసి పెట్టారు. బయట అద్దాల పెట్టెలో బంగారు దీపస్తంభం పశ్చిమ గోడవైపు చూస్తూ నిలబడింది. పనితనం అద్భుతం. ఆ చేతుల్లోని భక్తిని నేను తక్కువ చేయలేను.

కొరవ శుద్ధిది. ధర్మశాస్త్రం ప్రకారం ఎర్రని పెయ్య బూడిద లేకుండా శవం వల్ల అంటిన మైల పోదు, మైల పోకుండా ఆలయ సేవ లేదు. రబ్బీల నిషేధానికీ మూలం అదే. కిందటి సెప్టెంబరులో టెక్సస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యలను విమానంలో తెచ్చారు. అమెరికా క్రైస్తవుల సాయం కూడా ఉంది. వాళ్లలో చాలామందికి ఆలయం మళ్లీ లేవడమంటే క్రీస్తు రెండో రాకడకు గుర్తు.

పాలస్తీనీయులకు మాత్రం ఇవన్నీ కలిపి ఒకటే అర్థమిస్తాయి, మా మసీదు పోతుందని. 2000 సెప్టెంబరులో ఏరియల్ షారోన్ పైకి వెళ్లొచ్చాక రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు, రగిలి ఏళ్ల తరబడి రక్తం పారింది. 2021లో ఒక కోర్టు మౌన ప్రార్థన నేరం కాదంటే, రోజుల్లోనే పై కోర్టు దాన్ని కొట్టేసింది. అయినా తూర్పు అంచున మౌనంగా ప్రార్థించేవాళ్లను పోలీసులు చూసీ చూడనట్టు వదిలేస్తున్నారు. ఆ పోలీసులకు ఇప్పుడు మంత్రి ఇతమార్ బెన్ గ్విర్. యూదులకూ అక్కడ ప్రార్థన హక్కు కావాలని ఏళ్లుగా అడుగుతున్నవాడు. ఈ జనవరిలో తానే కొండెక్కాడు.

ఆలయం మీది రెండు వేల ఏళ్ల బెంగ అబద్ధం కాదు. ఇక్కడే నమాజు చేస్తూ పెరిగినవాళ్ల భయమూ అబద్ధం కాదు. ఆ బెంగ తీర్చడానికి ప్రభుత్వ అధికారాన్ని వాడటం మాత్రం తప్పు. ఇకమీదట టీవీలో ఈ కొండ కనిపిస్తే, అదేదో మతాల గొడవలే అని ఛానెల్ మార్చకండి. ద్వారం దగ్గర పోలీసులకు ఆజ్ఞ ఎవరిస్తున్నారో గమనించండి.

మీ
చిన్నమ్మాయి