చిత్రానికి అందని నొప్పి

నడక సాగినంతకాలం కాళ్లను ఎవరూ తలచుకోరు. కూర్చున్నా, లేచినా, మెట్టెక్కినా శరీరభారాన్ని మోసేది మోకాలే అయినా, అది నొప్పి పెట్టిననాడే మనిషికి గుర్తుకువస్తుంది. నేలమీద పీట వేసుకొని భోజనం చేయడం, వాకిట్లో గొంతుకూర్చుని ముగ్గు పెట్టడం, చాపమీద నలుగురితో కలిసి కబుర్లాడడం మన జీవన విధానంలో భాగాలు. అందుచేత మోకాలు మొరాయిస్తే దూరమయ్యేది నడక ఒక్కటే కాదు; ఇంటితో, వాకిలితో, ఇరుగుపొరుగుతో ఉన్న పొందిక కూడా దూరమవుతుంది.

తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు బోధించిన ఒక ఉపాధ్యాయినికి పదవీ విరమణకు ముందే ఈ అనుభవం ఎదురైంది. ఆమె కుడి మోకాలిలోని మృదులాస్థి అరిగిపోయి, ఎముకను ఎముక ఒరుసుకొంటున్నదని వైద్యులు చెప్పారు. తైలాలు, కాపడాలు, పట్టీలు, మాత్రలు వరుసగా వచ్చాయి, పోయాయి. బల్ల పట్టుకొని నిలబడి పాఠం చెప్పే స్థితి వచ్చింది. చివరకు 2021లో గుంటూరులోని ఒక ఆసుపత్రిలో ఆమెకు మోకాలి మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. అందుకు కొడుకు అప్పు చేశాడు.

మోకాలి మార్పిడి అనగానే పాత మోకాలిని పూర్తిగా తీసివేసి కొత్తది అమర్చుతారని చాలామంది భావిస్తారు. నిజానికి తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను పలుచగా కోసి, వాటిపై లోహపు భాగాలను బిగిస్తారు. ఆ రెండింటి నడుమ మృదులాస్థికి బదులుగా పాలిథిలీన్ పలకను ఉంచుతారు. 1970వ దశకంలో నేటి రూపానికి దగ్గరగా వచ్చిన ఈ చికిత్స, మంచానికి పరిమితమైన ఎందరినో తిరిగి నడిపించింది. భారత ప్రభుత్వం 2017 ఆగస్టులో కృత్రిమ మోకీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించడంతో మధ్యతరగతివారికీ కొంత వెసులుబాటు కలిగింది. ఇది మంచి చికిత్స అనడంలో సందేహం లేదు. అయితే ఏ మంచి చికిత్సా అందరికీ ఒకే ఫలితాన్ని ఇవ్వదు.

శస్త్రచికిత్స తరువాత ఆమె చెప్పిన వ్యాయామాలన్నీ చేసింది. ఎముకలు ఒరుసుకొనే పాతనొప్పి పోయింది. కాని ఆరు వారాలు గడిచినా, ఆరు నెలలు గడిచినా మరొక నొప్పి మిగిలే ఉంది. పగలు పనిలో పడి మరచినా, రాత్రి దీపం ఆర్పగానే అది పలకరించేది. ఏడాది నిండిన తరువాత ఎక్స్‌రే తీశారు. అమరిక చక్కగా ఉందని, ఎక్కడా లోపం లేదని వైద్యుడు తెల్లని గీతలను చూపించి చెప్పాడు.

“అంతా బాగుందన్నారు కదమ్మా, ఇక దిగులెందుకు?” అన్నాడు కొడుకు తేలికపడిన మనసుతో.

ఆమె తల ఊపింది. కొడుకు తీర్చవలసిన అప్పు ఇంకా మిగిలి ఉంది. ఇంకా నొప్పిగానే ఉన్నదంటే, అతడు పడిన శ్రమంతా వృథా అని చెప్పినట్లు అవుతుందేమోనని ఆమె భయపడింది. ఆనాటినుంచి నొప్పిని భరించడంతోపాటు దానిని దాచడం కూడా ఆమె పని అయింది. పెళ్లి పిలుపులు వస్తే ఏదో ఒక సాకు చెప్పేది. కుంటడం ఎవరి కంటా పడకుండా, గుడిలో జనం పలచబడిన వేళ చూసి వెళ్లేది. మందుల దుకాణంలో తానే నొప్పి మాత్రలు కొనుక్కొని, పాత నిఘంటువు వెనుక దాచేది. ధనుర్మాసం వచ్చినా ఆ ఇంటి వాకిట్లో పెద్ద ముగ్గు పడలేదు.

ఒకనాడు మనవరాలు ఏదో పదానికి అర్థం వెదకబోయి నిఘంటువు తీసింది. వెనుకనుంచి ఖాళీ మాత్రల అట్టలు జారిపడ్డాయి. వాటిని చూసి కొడుకు కోపగించలేదు. చాలాసేపు మౌనంగా కూర్చుని, “నాకెందుకు చెప్పలేదమ్మా?” అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకు ఆమె వద్ద సమాధానం లేదు. మరుసటి వారమే ఆమెను మరొక వైద్యురాలి వద్దకు తీసుకొని వెళ్లాడు.

ఆ వైద్యురాలు నొప్పిని తేలికగా తీసుకోలేదు. కీలులో చీము చేరినదా, అమర్చిన భాగం వదులైనదా, తుంటినుంచి గాని వెన్నునుంచి గాని నొప్పి దిగుతున్నదా అని ఒక్కొక్కటే పరీక్షించింది. ఇలాంటి కారణాలు ఉంటే వాటికి వేరే చికిత్స అవసరం. కాబట్టి వాటిని ముందుగా వెదకవలసిందే. ఏదీ లేదని తేలిన తరువాత ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకొని, “నొప్పి ఎలా ఉంటుందో మీ మాటల్లో చెప్పండమ్మా” అని అడిగి వేచి ఉంది.

జీవితమంతా పదాలతో గడిపిన ఉపాధ్యాయిని మొదటిసారిగా తన మోకాలికోసం పదాలు వెదుక్కొంది. మెట్లు దిగేటప్పుడు వచ్చేది పోటు. రాత్రివేళ సన్నగా, తెంపు లేకుండా వచ్చేది సలుపు. కుట్ల గీతకు పక్కన ఉండేది తిమ్మిరి. చీర కుచ్చిళ్లు తగిలినా రేగేది మంట. ఒకే నొప్పి అనుకొన్నది నాలుగు పేర్లతో బయటికి వచ్చింది. వైద్యురాలు నాలుగింటినీ రాసుకొంది.

వైద్యశాస్త్రం కూడా ఈ మార్గంలోనే నడిచింది. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్ నొప్పిని వర్ణించే పదాలను సేకరించి, 1975లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పేరిట ఒక ప్రశ్నావళిని ప్రచురించాడు. అంతకు పదేళ్ల ముందు, 1965లో, ఆయన పాట్రిక్ వాల్‌తో కలిసి ‘ద్వార సిద్ధాంతాన్ని’ ప్రతిపాదించాడు. గాయం నుంచి వచ్చే సంకేతాలు నేరుగా మెదడుకు చేరవని, వెన్నుపాములో తలుపు వంటి ఏర్పాటు వాటిని కొంత అడ్డగించడమో, కొంత వదలడమో చేస్తుందని దాని సారాంశం. దీర్ఘకాలం బాధపడిన శరీరంలో నాడులు అతిసున్నితమై, గాయం మానినా సంకేతాలు పంపుతూనే ఉండవచ్చునని తరువాతి పరిశోధనలు తెలిపాయి. ఎముకను చూపే ఎక్స్‌రే ఈ సున్నితత్వాన్ని చూపలేదు.

ఈ బాధ ఆమె ఒక్కదానిదీ కాదు. మోకాలి మార్పిడి జరిగినవారిలో సుమారు 20 శాతం మందికి దీర్ఘకాలిక నొప్పి మిగులుతున్నదని, బ్రిటన్ పరిశోధకులు 2012లో ప్రచురించిన ఒక సమీక్ష తెలిపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో, శస్త్రచికిత్స తరువాత మూడు నెలలకు పైగా నిలిచే నొప్పికి ప్రత్యేక స్థానం లభించింది. నొప్పి ఉన్నదని ఒక వ్యక్తి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో స్పష్టం చేసింది.

ఇంటికి తిరిగివచ్చిన నాటినుంచి ఆమె దినచర్య మారింది. దుకాణపు మాత్రలు మానేసింది. అవి మోతాదు మించితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు అని తెలుసుకొంది. వైద్యురాలు రాసిన మందునే, చెప్పిన మేరకే వాడింది. ఒంట్లో బాగున్ననాడు పనులన్నీ ఒక్కసారే చేసి, మూడు రోజులు మంచమెక్కడం ఆమెకు పాత అలవాటు. ఇప్పుడు గడియారం చూసి పదిహేను నిమిషాలు పని, తరువాత కాసేపు విశ్రాంతి. తొడ కండరాలకు రోజూ వ్యాయామం, సాయంత్రం కాలువగట్టున కొద్దిదూరం నడక. నొప్పి పూర్తిగా పోలేదు. కొన్ని రాత్రులు నిద్ర పట్టనీయదు. అయితే దానిని దాచే పని మాత్రం తప్పింది. ఆ పనికి ఖర్చయ్యే శక్తి నడకకు మిగిలింది. “ఈరోజు పోటా, సలుపా నానమ్మా?” అని మనవరాలు అడుగుతుంది. సలుపు అంటే వేడినీళ్ల సంచి తెస్తుంది.

మరుసటి ధనుర్మాసంలో ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చుంది. చుక్కలెన్నో, వరుసలెన్నో చెబుతుంటే మనవరాలు వాకిట్లో ముగ్గు వేసింది. గీతలు వంకరపోయాయి. ఆమె చెరపమనలేదు.

ఆ ముగ్గు చూస్తూ ఆగిన పొరుగింటావిడ తన మోకాలు చేత్తో నిమురుకొంటూ, “అక్కయ్యగారూ, నన్నూ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. మీకు పూర్తిగా తగ్గినట్టేనా?” అని అడిగింది.

తగ్గిందంటే అబద్ధం. తగ్గలేదంటే, ఆమెకు మేలు చేయగల చికిత్సను చెడగొట్టినట్లు. ఉపాధ్యాయిని క్షణకాలం ఆలోచించింది.

“పాతనొప్పి పోయింది చెల్లీ. అప్పుడు వీధి చివరి వరకైనా వెళ్లలేకపోయేదాన్ని, ఇప్పుడు కాలువ దాకా నడుస్తున్నాను. కాని ఇంకో రకం నొప్పి మిగిలింది. చాలామందికి మిగలదట, నాబోటివాళ్లు కొందరికి మిగులుతుందట. చేయించుకోవద్దని అనను. ముందే డాక్టరుగారిని అన్నీ అడుగు. తరువాత నొప్పి ఉంటే మాత్రం నాలాగా దాచుకోకు.”

పొరుగింటావిడ గడపమీద కూర్చుని, తన మోకాలు ఎప్పుడెప్పుడు ఎలా నొప్పి పెడుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఉపాధ్యాయిని మధ్యలో అడ్డు రాకుండా చివరివరకు విన్నది.