రన్‌వే పక్కన టమాటా మొక్కలు

సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి బెర్లిన్ వెళ్ళినప్పుడు మా ల్యాబ్‌లో ఎవర్ని అడిగినా టెంపెల్‌హోఫ్ చూడమన్నారు. ఒకప్పుడు ఎయిర్‌పోర్టు, ఇప్పుడు పార్కు. ఓ ఆదివారం మధ్యాహ్నం అద్దె సైకిలేసుకుని బయల్దేరాను.

పార్కంటే నా బుర్రలో ఒక ఫౌంటెను, సిమెంటు ఏనుగు, "పూలు కోయరాదు" బోర్డు. అక్కడ అవేవీ లేవు. 300 హెక్టార్లకు పైగా ఖాళీ నేల, అంటే దాదాపు 750 ఎకరాలు, అంత నగరం మధ్యన! రెండు రన్‌వేలూ అలాగే ఉంచేశారు. ఒక్కోటి సుమారు 2 కిలోమీటర్లు. ఎదురుగాలికి సైకిల్ ముందుకు కదలదే! ఎదురుగాలి ఉంటే టేకాఫ్ సులువని ఎగ్జామ్‌లో రాసింది నేనే.

1948లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కి రోడ్లు, రైళ్ళు ఆపేస్తే పిండీ బొగ్గూ మోసుకొచ్చిన విమానాలు దిగింది ఇక్కడ. 2008 అక్టోబరులో ఎయిర్‌పోర్టు మూసేశారు, 2010 మేలో గేట్లు జనానికి తెరిచారు. అంచుల్లో ఇళ్ళు కడతామని నగర ప్రభుత్వం అంటే, 2014లో ఓటింగ్ పెట్టించి మరీ 64 శాతం మంది వద్దన్నారు. అక్కడి అద్దెలు కట్టాక మాత్రం అది రైటేనా అని నాకు ఇప్పటికీ డౌటే.

ఒక పక్కన చెక్కపెట్టెల్లో మట్టి నింపి కూరగాయలు పెంచుతున్నారు. అవి చూడగానే తాతకి వీడియో కాల్ చేశాను.

నేను ఇంటర్‌లో ఉండగా మా జీడిమామిడి తోట ఎయిర్‌పోర్టు కోసం పోయింది. ఎకరంన్నర. వచ్చిన డబ్బుల్లోంచే నా ఫీజు కట్టారు. ఈ ఫ్లైట్ టికెట్టూ అందులోదే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

"ఏట్రా అది, అంతెడల్పు రోడ్డు?"

"రన్‌వే తాతా. ఎయిర్‌పోర్టు మూసేసి జనానికి ఇచ్చేశారు."

కాసేపు మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను.

"ఎన్నేళ్ళకి ఇచ్చినారు?"

1923లో మొదలైంది కదా, లెక్కేసి "85" అన్నాను. ఆయన కూడా ఏదో లెక్క వేసుకుంటున్నట్టే ఉన్నాడు.

"మరి ఆ మొక్కలేటి, పెట్టెల్లో యేసినారు?"

"నేల తవ్వనివ్వరట తాతా."

పెద్దగా నవ్వేశాడు. "మరైతే ఇచ్చినట్టు ఎలాగవుద్దిరా?"

తర్వాత ఫోన్ దగ్గరగా పెట్టమన్నాడు. "టమాటాకి ఆకుముడత ఒచ్చింది. ఆళ్ళకి సెప్పు."

పక్కనే ఒక ముసలావిడ నీళ్ళు పోస్తోంది. నాకు వచ్చిన జర్మన్ "డంకె" ఒక్కటే. ముడుచుకున్న ఆకుని, ఫోన్‌లో తాతని, రెండింటినీ చూపించాను. ఆవిడ తాతకి చెయ్యి ఊపి, నీళ్ళ డబ్బా నా చేతికిచ్చింది.